విండోస్ సర్వర్‌లో సీ డ్రైవ్‌కి ఎంత చోటు ఇవ్వాలి? కాగితం మీద లెక్క నుంచి ఇన్‌స్టాల్ దాకా

"కొత్త సర్వర్ వేస్తున్నాం, సీ డ్రైవ్‌కి ఎంత పెట్టమంటారు?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్క అంకె చెప్పమంటే 160 జీబీ అంటాను. కానీ ఆ అంకె ఎలా వచ్చిందో తెలియకుండా పెట్టేస్తే మీ సర్వర్‌కి అది సరిపోతుందో లేదో తేల్చుకోలేరు. అందుకే లెక్కంతా విప్పి చెబుతున్నాను.

ఇక్కడ చెప్పేది విండోస్ సర్వర్ 2019, 2022 గురించి. 2025కి కూడా ఇదే పద్ధతి. కమాండ్ల పేర్లు తెలుగులో రాశాను, టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

1. ఇన్‌స్టాల్ కంటే ముందు రాసుకోవాల్సినవి

పెన్‌డ్రైవ్ పెట్టకముందే ఓ పావుగంట కూర్చుని వీటికి జవాబులు రాయండి.

☐ ఈ సర్వర్ ఎన్నేళ్లు నడవాలి?
☐ ర్యామ్ ఇప్పుడెంత? రెండేళ్లలో పెంచే ఆలోచన ఉందా?
☐ మౌస్‌తో పనిచేసే డెస్క్‌టాప్ ఎక్స్‌పీరియన్సా, కమాండ్లతో నడిచే సర్వర్ కోరా?
☐ ఏ పనికి? ఫైల్ షేరింగ్, ప్రింటింగ్, డేటాబేస్, వెబ్‌సైట్, హైపర్-వి (వర్చువల్ మెషీన్లు నడపడం)?
☐ ఎంతమంది నేరుగా ఈ సర్వర్‌లోకి లాగిన్ అవుతారు?
☐ ఫిజికల్ మెషీనా, వర్చువల్ మెషీనా (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్), క్లౌడా?
☐ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తన తాత్కాలిక ఫైళ్లు ఎక్కడ పెడుతుంది?

ర్యామ్ గురించిన ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ర్యామ్‌కీ సీ డ్రైవ్‌కీ ఏం సంబంధం అనిపిస్తుంది. సంబంధం చాలా ఉంది, మూడో మెట్టులో చూద్దాం.

2. లెక్క ఎలా కట్టాలి

సర్వర్ 2019, 2022 లకు మైక్రోసాఫ్ట్ చెప్పే కనీసం 32 జీబీ. ఇది సర్వర్ కోర్ ఇన్‌స్టాల్ కావడానికి మాత్రమే సరిపోయే కొలత. డెస్క్‌టాప్ ఎక్స్‌పీరియన్స్ కావాలంటే ఇంకో 4 జీబీ దాకా పడుతుంది. ర్యామ్ 16 జీబీ దాటితే ఇంకా ఎక్కువ కావాలని కూడా వాళ్లే చెబుతారు. ఈ 32ని చూసి "అయితే 50 పెడితే బోలెడు" అనుకోవడం దగ్గరే కథ చెడుతుంది. ఇన్‌స్టాల్ చేసిన రోజున ఎంత పట్టిందని కాదు, ఐదో ఏడు ఎంత పడుతుందో చూసి లెక్క కట్టాలి.

ఒక మామూలు ఆఫీసు సర్వర్ తీసుకుందాం. 32 జీబీ ర్యామ్, డెస్క్‌టాప్ ఎక్స్‌పీరియన్స్, ఫైల్ షేరింగ్, ప్రింటింగ్, ఐదేళ్లు నడవాలి. నేను వేసుకునే లెక్క ఇది:

• ఆపరేటింగ్ సిస్టమ్: 40 జీబీ
• ఐదేళ్ల అప్‌డేట్లు, వాటి లాగ్‌లు: 20 జీబీ
• పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైల్): 16 జీబీ
• క్రాష్ డంప్ ఫైల్ (సర్వర్ క్రాష్ అయినప్పుడు మెమరీలో ఉన్నదాన్ని దాచే ఫైల్): 16 జీబీ
• యాంటీవైరస్, బ్యాకప్ ఏజెంట్, ప్రింటర్ డ్రైవర్లు, ఇతర సాఫ్ట్‌వేర్: 15 జీబీ
• లాగిన్ అయ్యే నలుగురి ప్రొఫైల్స్, మనిషికి 2 జీబీ చొప్పున: 8 జీబీ

మొత్తం 115 జీబీ. నాలుగో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి కాబట్టి 115ని 0.75తో భాగించాలి. 153 వస్తుంది, పైకి సరిచేస్తే 160.

ఆ పావు వంతు ఖాళీ వృథా కాదు. నెలవారీ అప్‌డేట్ దిగి, విప్పుకుని, పాతదాన్ని పక్కన పెట్టుకోవడానికి చోటు కావాలి. పైగా ఏ రోజో సర్వర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చాల్సి వస్తుంది. సర్వర్ 2016కి సపోర్ట్ 2027 జనవరి 12తో ముగుస్తోంది, చాలా ఆఫీసుల్లో ఈ మార్పు ఇప్పుడు తప్పదు. ఉన్న సర్వర్ మీదే కొత్త వెర్షన్ ఎక్కించినప్పుడు పాత విండోస్ మొత్తం విండోస్ ఓల్డ్ అనే ఫోల్డర్‌గా అక్కడే ఉండిపోతుంది. అంటే కొంతకాలం సీ డ్రైవ్ రెండు విండోస్‌లను మోయాలి.

క్లౌడ్ వాళ్లకి ఒక మాట. అజూర్‌లో మామూలు విండోస్ ఇమేజ్ 127 జీబీ డిస్క్‌తో వస్తుంది, చాలా పనులకు అది చాలు. అమెజాన్‌లో డిఫాల్ట్ 30 జీబీ మాత్రమే, లాంచ్ చేసే స్క్రీన్‌లోనే దాన్ని 100కి మార్చుకోండి. రెండు చోట్లా డిస్క్‌ని తర్వాత పెంచుకోవచ్చు కానీ తగ్గించడం కుదరదు, అందుకని 500 కూడా పెట్టేయకండి.

3. పేజ్‌ఫైల్, క్రాష్ డంప్: ర్యామ్ వచ్చి సీ డ్రైవ్‌లో కూర్చునే చోటు

సర్వర్ నీలి తెర చూపించి పడిపోయినప్పుడు విండోస్ మెమరీలో ఉన్నదాన్ని ముందు పేజ్‌ఫైల్‌లోకి రాస్తుంది. మళ్లీ బూట్ అయ్యాక దాన్ని విండోస్ ఫోల్డర్‌లో మెమరీ డంప్ అనే ఫైల్‌గా మారుస్తుంది. పేజ్‌ఫైల్‌కి ఒకసారి, డంప్ ఫైల్‌కి ఒకసారి చోటు వేసుకోవాలన్నది అందుకే. పై లెక్కలో 16 రెండుసార్లు కనిపించింది ఈ కారణంతోనే.

డంప్‌లో ఎన్నో రకాలున్నా, మన లెక్కకి కావాల్సినవి మూడు.

కంప్లీట్ డంప్ అంటే ర్యామ్ మొత్తం. పేజ్‌ఫైల్ కనీసం ర్యామ్ కంటే 257 ఎంబీ ఎక్కువ ఉండాలి. 32 జీబీ ర్యామ్ ఉంటే పేజ్‌ఫైల్‌కి 32, డంప్‌కి ఇంకో 32. మన 160 కాస్తా 200 దగ్గరికి చేరుతుంది.

కెర్నెల్ డంప్‌లో విండోస్ గుండెకాయ వరకే ఉంటుంది, ప్రోగ్రాముల మెమరీ ఉండదు. సైజు చాలా తగ్గుతుంది.

ఆటోమేటిక్ డంప్ అంటే కెర్నెల్ డంప్ లాంటిదే, పేజ్‌ఫైల్ సైజుని విండోస్ చూసుకుంటుంది. 2012 సర్వర్ నుంచీ డిఫాల్ట్ ఇదే. మామూలు ఆఫీసు సర్వర్‌కి దీన్ని కదపకండి. పేజ్‌ఫైల్‌ని విండోస్‌కే వదిలేస్తే మామూలుగా అది డ్రైవ్ సైజులో ఎనిమిదో వంతు దాటదు, 160 జీబీకి అది 20 జీబీ. డంప్ కోసం తప్పనిసరైతే ఇంకా పెరగగలదు.

*తరచూ జరిగే తప్పు:* సీ డ్రైవ్ ఇరుకుగా ఉందని పేజ్‌ఫైల్ మొత్తాన్ని డీ డ్రైవ్‌కి పంపేయడం. రోజూ బాగానే నడుస్తుంది. సర్వర్ క్రాష్ అయిన రోజున కారణం వెతుకుదామంటే డంప్ ఉండదు.

*సరిచేసే దారి:* సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, స్టార్టప్ అండ్ రికవరీలోకి వెళ్లి ముందు డంప్ రకం చూడండి. కంప్లీట్ అని ఉంటే, అది ఎందుకు కావాలో చెప్పగలిగేవాళ్లు లేకపోతే, ఆటోమేటిక్‌కి మార్చండి. చోటు నిజంగానే లేకపోతే రిజిస్ట్రీలో క్రాష్ కంట్రోల్ కింద డెడికేటెడ్ డంప్ ఫైల్ అనే విలువ చేర్చి, వేరే డ్రైవ్‌లో డంప్‌కి చోటు చూపించవచ్చు.

128 జీబీ, 256 జీబీ ర్యామ్ ఉన్న పెద్ద సర్వర్లలో కంప్లీట్ డంప్ పెట్టుకుని దానికోసం సీ డ్రైవ్‌ని పెంచుకుంటూ పోవడం నా దృష్టిలో సరికాదు. ఆ రోజు వస్తే వెండర్ అడిగినప్పుడు చూసుకోవచ్చు.

4. సీ డ్రైవ్‌లో ఉండకూడనివి

రోజురోజుకీ పెరిగేది ఏదీ సీ డ్రైవ్‌లో ఉండకూడదు. చిక్కేమిటంటే, చాలా సాఫ్ట్‌వేర్ అడక్కుండానే సీ డ్రైవ్‌లో కూర్చుంటుంది. అడిగినప్పుడు కూడా మనం నెక్స్ట్ నెక్స్ట్ కొట్టేస్తాం.

• ఐఐఎస్ (విండోస్‌లోని వెబ్ సర్వర్) లాగ్‌లు: ఐనెట్‌పబ్ ఫోల్డర్‌లో రోజుకొక ఫైల్ చేరుతుంది. వాటిని తనంతట తాను తీసే ఏర్పాటు ఐఐఎస్‌లో లేదు.
• ఎస్‌క్యూఎల్ సర్వర్ (డేటాబేస్) డేటా, లాగ్, టెంప్ డీబీ: ఇన్‌స్టాల్‌లో డేటా డైరెక్టరీస్ ట్యాబ్ వస్తుంది, డేటాకి, లాగ్‌కి అక్కడ, టెంప్ డీబీకి దాని సొంత ట్యాబ్‌లో వేరే డ్రైవ్ ఇవ్వాలి.
• హైపర్-వి వర్చువల్ డిస్క్‌లు: డిఫాల్ట్‌గా సీ డ్రైవ్‌లోకే వెళతాయి. హైపర్-వి సెట్టింగ్స్‌లో వర్చువల్ డిస్క్‌ల చోటు, వర్చువల్ మెషీన్ల చోటు రెండూ మార్చండి.
• డబ్ల్యూసస్ (ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ విండోస్ అప్‌డేట్లు పంచే సర్వీస్) అప్‌డేట్ ఫైళ్లు.
• అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ డేటా, షేర్ ఫోల్డర్లు, బ్యాకప్‌లు.
• ప్రింట్ స్పూల్ (ప్రింట్ కావాల్సినవి వరుసలో ఆగే ఫోల్డర్): ఎక్కువ ప్రింటర్లు ఉన్నచోట ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి వెళ్లి ఫోల్డర్ మార్చాలి.
• షాడో కాపీలు (విండోస్ దాచి ఉంచే ఫైళ్ల పాత రూపాలు): సీ డ్రైవ్‌కి ఆన్ చేస్తే మామూలుగా డ్రైవ్‌లో పది శాతం దాకా వాడుకుంటాయి. అది కూడా లెక్కలో వేయండి.

చిన్న ఆఫీసు డొమైన్ కంట్రోలర్‌లో (అందరి లాగిన్లనూ చూసుకునే సర్వర్) యూజర్ల వివరాలుండే యాక్టివ్ డైరెక్టరీ డేటాబేస్ సీ డ్రైవ్‌లో ఉన్నా పెద్దగా ఇబ్బంది లేదు. పాతిక, యాభై మంది యూజర్లకి అది కొంచెమే.

5. పార్టిషన్ల వరుస: సైజు కంటే ముఖ్యమైన సంగతి

కొన్నేళ్ల కిందట ఒక ఆఫీసు నుంచి మార్చి నెలాఖరులో ఫోన్ వచ్చింది. ప్రింట్లు రావట్లేదు, లాగిన్‌కి పది నిమిషాలు పడుతోంది, అకౌంట్స్ వాళ్లంతా టెన్షన్‌లో ఉన్నారు. వెళ్లి చూస్తే సీ డ్రైవ్ 60 జీబీ, ఎర్రగా మారిపోయింది, ఖాళీ 90 ఎంబీ. స్పూల్ ఫైల్ రాసుకోవడానికి చోటు లేక ప్రింట్లు ఆగిపోయాయి.

డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. అదే డిస్క్‌లో నల్లటి పట్టీతో 340 జీబీ అన్అలొకేటెడ్ ఉంది. హమ్మయ్య అనుకుని సీ మీద రైట్ క్లిక్ చేస్తే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులో ఉంది, నొక్కినా పలకదు. సీకి, ఆ ఖాళీకి మధ్యలో అర జీబీ సన్నటి గడి ఒకటి అడ్డంగా ఉంది. అది రికవరీ పార్టిషన్, విండోస్ బూట్ కానప్పుడు బాగుచేసే టూల్స్ ఉండే చోటు. 340 జీబీ ఖాళీ కళ్ల ముందే ఉన్నా ఆ రాత్రి పని కాలేదు.

ఎక్స్‌టెండ్ కావాలంటే ఖాళీ సరిగ్గా సీ డ్రైవ్‌కి కుడి పక్కన, ఆనుకుని ఉండాలి. మధ్యలో ఏదున్నా విండోస్ ఒప్పుకోదు. సర్వర్ 2022 సెటప్ తనంతట తాను చేసినప్పుడు మామూలుగా వచ్చే వరుస ఇది:

1. ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్, 100 ఎంబీ
2. మైక్రోసాఫ్ట్ రిజర్వ్‌డ్, 16 ఎంబీ
3. సీ డ్రైవ్
4. రికవరీ

2019లో రికవరీ ముందు వచ్చేది, ఆ తర్వాతి వెర్షన్లలో సీ వెనక్కి మారింది. దానికీ కారణం ఉంది. రికవరీ పెరగాల్సి వస్తే సీ నుంచి కొంచెం కోసి ఇవ్వొచ్చు. 2024 జనవరిలో కేబీ 5034439 అనే అప్‌డేట్ సర్వర్ 2022లో చాలాచోట్ల ఎర్రర్‌తో ఆగిపోయింది. రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడమే కారణం. కొత్తగా వేసేటప్పుడు రికవరీకి 1 జీబీ అనుకోండి.

మరి ఏం చేయాలి?

వర్చువల్ మెషీన్ అయితే సీకి విడిగా ఒక వర్చువల్ డిస్క్, డేటాకి ఇంకొకటి ఇవ్వండి. ఒకే 500 జీబీ డిస్క్‌ని సీ, డీ అని కోయకండి. కోస్తే రేపు సీ పెంచాలన్నప్పుడు డీ అడ్డం వస్తుంది.

ఫిజికల్ సర్వర్ అయితే రెండు చిన్న ఎస్‌ఎస్‌డీలను రెయిడ్ 1లో (రెండిట్లోనూ ఒకే డేటా ఉండే పద్ధతి) పెట్టి విండోస్‌కి పూర్తిగా ఇచ్చేయండి, డేటాకి వేరే రెయిడ్. చేతిలో ఒకే రెయిడ్ సెట్ ఉంటే, కంట్రోలర్ ఒప్పుకుంటే, అక్కడే రెండు వర్చువల్ డిస్క్‌లుగా విడగొట్టండి.

6. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు

1. బూట్ యూఈఎఫ్ఐ మోడ్‌లో జరుగుతోందని బయోస్‌లో చూసుకోండి. పాత పద్ధతిలో బూట్ అయితే డిస్క్ ఎంబీఆర్ అవుతుంది, 2 టీబీ దాటి వాడుకోలేరు.
2. ఏ డిస్క్‌లో వేస్తున్నారో సైజు చూసి గుర్తుపట్టండి. సాధ్యమైతే డేటా డిస్క్‌లు ఆ కాసేపు తీసి ఉంచండి. తప్పు డిస్క్ మీద ఫార్మాట్ కొట్టడం ఇక్కడే జరుగుతుంది.
3. ఉన్న డిస్క్‌లో కొంతే సీకి ఇవ్వాలంటే న్యూ నొక్కి సైజు ఎంబీలో కొట్టాలి. 160 జీబీ అంటే 1,63,840. 160 అని కొడితే 160 ఎంబీ అవుతుంది.
4. సీకి ప్రత్యేక డిస్క్ ఇచ్చి ఉంటే సైజు ఏమీ మార్చకుండా మొత్తం ఇచ్చేయండి.
5. విండోస్ ఫోల్డర్‌కి, సీ డ్రైవ్‌కి ఎన్‌టీఎఫ్‌ఎస్ కంప్రెషన్ ఆన్ చేయకండి. చోటు కలిసొచ్చేది కొంచెం, నెమ్మదించేది ఎక్కువ.

7. మొదటి రోజే పూర్తి చేయాల్సినవి

☐ అన్ని అప్‌డేట్లూ వేసి, రీస్టార్ట్ చేశాక సీ డ్రైవ్‌లో ఎంత వాడిందో రాసి పెట్టండి. ఆరు నెలలకి పోల్చుకోవడానికి ఇదే ఆధారం.
☐ నాలుగో మెట్టులోని జాబితా చూస్తూ ఒక్కొక్కటీ వేరే డ్రైవ్‌కి మార్చండి. డేటా చేరకముందు ఐదు నిమిషాల పని, చేరాక ఒక రాత్రి పని.
☐ ఐఐఎస్ ఉంటే 60 రోజులు దాటిన లాగ్‌లు తీసేసే చిన్న పవర్‌షెల్ స్క్రిప్ట్‌ని టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టండి. ఆడిట్ వాళ్లకి ఎన్ని నెలల లాగ్ కావాలో ముందే అడగండి.
☐ రియేజెంట్‌సీ స్లాష్ ఇన్ఫో కమాండ్ కొట్టి రికవరీ ఏ పార్టిషన్‌లో ఉందో చూసుకోండి.
☐ అలర్ట్ పెట్టండి. ఖాళీ 20 శాతానికి వస్తే మెయిల్, 10 శాతానికి వస్తే ఫోన్. 160 జీబీ డ్రైవ్‌లో అవి 32 జీబీ, 16 జీబీ.

అలర్ట్ ఒక్కరికే వెళ్లకూడదు. ఆ మనిషి ఉద్యోగం మారితే మెయిల్ ఎవరూ చూడని ఇన్‌బాక్స్‌కి పోతూనే ఉంటుంది. ఇలాంటిది నేను కళ్లారా చూశాను.

8. ఇప్పటికే నిండిపోతే, ఈ వరుసలో ఖాళీ చేయండి

ముందు ఏం తింటోందో తెలుసుకోవాలి. ట్రీసైజ్, విజ్‌ట్రీ లాంటి టూల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. మామూలుగా తెరిస్తే అనుమతి లేని ఫోల్డర్లను లెక్కలోకి తీసుకోదు, 30 జీబీ ఎటు పోయిందో అర్థం కాదు.

1. పాత మెమరీ డంప్. వెండర్‌కి పంపాల్సి ఉంటే వేరే డ్రైవ్‌కి కాపీ చేసి తీసేయండి. ఎక్కువసార్లు ఇదొక్కటే సరిపోతుంది.
2. ఐఐఎస్ లాగ్‌లు.
3. ఉద్యోగం మానేసినవాళ్ల ప్రొఫైల్స్. యూజర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో డిలీట్ చేయకండి, రిజిస్ట్రీలో ఎంట్రీ మిగిలిపోతుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో యూజర్ ప్రొఫైల్స్ నుంచే తీయాలి.
4. డిస్క్ క్లీనప్, సిస్టమ్ ఫైల్స్ ఎంపికతో. విండోస్ అప్‌డేట్ క్లీనప్, విండోస్ ఓల్డ్ రెండూ అక్కడే కనిపిస్తాయి.
5. అప్‌డేట్ డౌన్‌లోడ్లు. విండోస్ అప్‌డేట్ సర్వీస్, బిట్స్ సర్వీస్ ఆపి, సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్‌లోని డౌన్‌లోడ్ ఫోల్డర్ లోపలివి తీసేసి, మళ్లీ రెండూ స్టార్ట్ చేయండి.
6. చివరగా విన్ఎస్ఎక్స్ఎస్, అంటే విండోస్ తన భాగాలు, అప్‌డేట్ల ఫైళ్లు దాచుకునే ఫోల్డర్.

ఈ విన్ఎస్ఎక్స్ఎస్ చూడగానే అందరికీ చేయి దురద పెడుతుంది. ఎక్స్‌ప్లోరర్‌లో అంత పెద్దగా కనిపిస్తుంది. నిజానికి అందులోని చాలా ఫైళ్లు సిస్టమ్ 32లో ఉన్నవే. ఒకే ఫైల్‌కి రెండు చోట్ల పేరు ఉంటుంది, ఎక్స్‌ప్లోరర్ రెండుసార్లు లెక్కేస్తుంది. డిజమ్ కమాండ్‌ని అనలైజ్ కాంపొనెంట్ స్టోర్ ఆప్షన్‌తో నడిపితే అసలు సైజు, క్లీనప్ అవసరమా కాదా అన్నది చెబుతుంది. అవసరం అంటేనే స్టార్ట్ కాంపొనెంట్ క్లీనప్ ఆప్షన్ వాడండి. దానికి రీసెట్ బేస్ కలిపితే ఇంకొంత చోటు వస్తుంది కానీ, అప్పటిదాకా వేసిన అప్‌డేట్లను ఇక వెనక్కి తీయలేరు. అప్‌డేట్ వేసిన వారంలోనే ఆ పని చేయకండి.

చేత్తో ఎప్పుడూ డిలీట్ చేయకూడనివి: విన్ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్, విండోస్‌లోని ఇన్‌స్టాలర్ ఫోల్డర్. రెండోది తీసేస్తే ఆ రోజు ఏమీ కాదు. ఆరు నెలల తర్వాత ఏదో సాఫ్ట్‌వేర్‌కి ప్యాచ్ వేద్దామన్నా, అన్ఇన్‌స్టాల్ చేద్దామన్నా పాత ఫైల్ ఎక్కడుందని అడుగుతుంది. అప్పుడు తెచ్చివ్వడం మహా కష్టం.

9. సీ డ్రైవ్ పెంచేటప్పుడు

1. బ్యాకప్ తీయండి. తీసిన బ్యాకప్ తెరుచుకుంటోందని ఒక్క ఫైల్ రీస్టోర్ చేసి చూడండి.
2. బిట్‌లాకర్ (డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) ఉంటే రికవరీ కీ చేతిలో పెట్టుకుని సస్పెండ్ చేయండి.
3. వర్చువల్ మెషీన్ అయితే స్నాప్‌షాట్లు (ఒక సమయానికి మెషీన్ ఉన్న స్థితిని దాచినవి) ఉన్నాయేమో చూడండి. విఎంవేర్‌లో స్నాప్‌షాట్ ఉంటే డిస్క్ సైజు పెంచనివ్వదు. ముందు తీసేసి, ఆ తర్వాత పెంచండి.
4. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో రీస్కాన్ కొట్టండి. నల్లటి పట్టీ సీని ఆనుకుని ఉంటే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కితే సరి, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు.
5. మధ్యలో రికవరీ అడ్డం ఉంటే రియేజెంట్‌సీ స్లాష్ డిజేబుల్ కొట్టండి. రికవరీ ఫైల్ సీ డ్రైవ్‌లోకి వచ్చేస్తుంది. వచ్చిందని చూసుకున్నాకే డిస్క్‌పార్ట్‌లో ఆ పార్టిషన్‌ని సెలెక్ట్ చేసి, సైజు రెండుసార్లు సరిచూసి, డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్ ఇవ్వండి.
6. సీని పెంచండి. మళ్లీ విడిగా రికవరీ పార్టిషన్ పెట్టే ఉద్దేశం ఉంటే చివర్లో 1 జీబీ వదిలేయండి. వర్చువల్ మెషీన్‌లో, బిట్‌లాకర్ లేకపోతే, నేను విడిగా పెట్టను. ఐఎస్ఓతో ఎప్పుడైనా బూట్ చేసుకోవచ్చు.
7. రియేజెంట్‌సీ స్లాష్ ఎనేబుల్ కొట్టి, స్లాష్ ఇన్ఫోతో ఎనేబుల్డ్ అని వచ్చిందో లేదో చూడండి. బిట్‌లాకర్ సస్పెండ్ చేసి ఉంటే తిరిగి ఆన్ చేయండి.
8. కొత్త సైజు, తేదీ, పెంచడానికి కారణం సర్వర్ రికార్డులో రాసి, అలర్ట్ జీబీల్లో పెట్టి ఉంటే ఆ అంకెలు కూడా మార్చండి.